మలుపు దిగివచ్చిన అడ్డురాళ్లమ్మ

పులికనుమ మలుపులో ముగ్గురి ప్రాణాలూ, సింగరయ్య కుడికాలూ పోవడానికి కారణం అమ్మవారి రాళ్లే. ఈ క్షేత్రం కథ ఎవరికి చెప్పినా ముందు ఈ మాట చెప్పి తీరాలని పూజారిణి ఆదెమ్మ కట్టడి. మాట దాచి మహిమ చెప్తే అమ్మవారు వినదని ఆమె నమ్మకం. కనుక ముందు అదే చెప్పడమైనది.

మునగలమిట్ట బస్టాండు నుంచి పడమరగా మూడు కిలోమీటర్లు వెళితే కనుమ ఎక్కుడు మొదలవుతుంది. ఆ ఎక్కుడుకు ముందే, రోడ్డుకు ఎడమ పక్కన, ఇరవై లారీలు నిలిచేంత చదును నేల ఉంది. దాని వెనక కానుగ చెట్ల నీడలో అడ్డురాళ్లమ్మ కొలువై ఉంది. చెక్కిన విగ్రహం లేదు. మూరెడు ఎత్తున్న నల్లరాయి. ఒక పక్క అరగదీసినట్టు ఏటవాలుగా ఉంటుంది. పసుపు పూత, వెండి కళ్లు, అంతే అలంకారం. చుట్టూ నడుమెత్తు రాళ్లగుట్ట. కొత్తగా వచ్చిన భక్తులు ఇక్కడ దర్శనం చేసుకుని బస్సెక్కి పైకి పోతారు. రెండో మలుపులో సున్నం కొట్టిన ఖాళీ అరుగు కనబడగానే, "గుడి ఇక్కడ గదా ఉండాల్సింది?" అని కండక్టరును అడుగుతారు. ఒకప్పుడు అక్కడే ఉండేది.

పూర్వం ఇక్కడ తారురోడ్డు లేదు. రెండు చక్రాల గాడి పడిన బండిబాట ఒకటే. ఎగువ పల్లెల బండ్లు చింతపండు వేసుకుని సంతకు దిగేవి. ఉప్పు, బెల్లం, ఎండుచేపలు వేసుకుని తిరిగి కనుమ ఎక్కేవి. ఎక్కేటప్పుడు ప్రతి బండికీ ఇద్దరు మనుషులు కావాలి. ఒకడు ఎద్దుల పక్కన నడవాలి, రెండోవాడు అడ్డురాయి పట్టుకుని చక్రం వెనక నడవాలి. ఎద్దులు రొప్పుతూ నిలబడిన క్షణంలోనే రాయి చక్రం కిందికి చేరాలి. ఆ పని చేతకానివాడికి ఎగువ పల్లెల్లో పిల్లనిచ్చేవారు కాదట.

ఒకనాటి సాయంత్రం ఒక రైతు నిండు చూలాలైన భార్యను బండిలో పుట్టింటికి తీసుకుపోతున్నాడు. తొందరలో రాయి పట్టే మనిషిని వెంట తెచ్చుకోలేదు. రెండో మలుపులో పలుపు తెగింది. ఒక ఎద్దు కాడి వదిలించుకుంది. బండి లోయవైపు వెనక్కి జారసాగింది. పైన మేకలు కాస్తున్న గొల్ల పెద ఓబన్న కేకలు వేస్తూ పరుగెత్తుకొచ్చాడు. అతను వచ్చేసరికి బండి అంచున ఆగి ఉంది. చక్రం కింద నల్లరాయి ఉంది. రైతు రెండు చేతులూ ఎద్దు ముకుతాడు మీదనే ఉన్నాయి. బండిలో మనిషి దిగలేదు. ఆ రాయి ఎవరు పెట్టారో ఈనాటికీ తెలియదు.

ఆ రాత్రి ఓబన్నకు కలలో అమ్మవారు కనబడి ఇలా ఆనతిచ్చింది: "బండి జారకుండా ఆపడానికి వచ్చినదాన్ని నేను. బండి కదిలాక నన్ను బాటలో వదిలితే వెనక వచ్చేవాడికి గండమవుతాను. నన్ను పక్కకు చేర్చు. నీ వంశం నాకు సందెదీపం పెట్టాలి."

ఓబన్న మలుపు అంచున అరుగు కట్టి రాయిని నిలిపాడు. ఆనాటి నుంచి బండ్లవాళ్లు ఎద్దులు కదలగానే అడ్డురాయి తీసి అరుగు పక్కన పెట్టి, "వెనకవాడికి తల్లీ" అని దండం పెట్టి పోయేవారు. ఆ మాట అనకుండా కనుమ దాటిన బండి లేదని పెద్దలు చెప్పేవారు.

ఆదెమ్మ ఓబన్న వంశంలో నాలుగో తరం కోడలు. ఆమె కాపురానికి వచ్చేనాటికి తారురోడ్డు పడి పదేళ్లయినా బండ్లు పూర్తిగా పోలేదు. మరిది సింగరయ్య మలుపు పక్కనే ఉన్న ఇంటి వాకిట్లో కూర్చుని గంటల చప్పుడును బట్టి ఏ ఊరి బండి వస్తున్నదో చెప్పేవాడు. "ఇది గంగవరం వాళ్లది వదినా, ఎడమెద్దు కుంటిది, విను" అనేవాడు. ఒక్కసారీ తప్పలేదు. మలుపంతా బెల్లం వాసనా ఎండుచేపల వాసనా కలిసి ఉండేది. బండ్లవాళ్లు అరుగు మీద పెట్టిపోయిన బెల్లంముక్కకు చీమలు బారు కట్టేవి. అత్తగారు దీపం పెట్టి ఓబన్న కల కథను పాటగా పాడేది. ఆదెమ్మ పొయ్యి ఊదుతూ సగం వినేది, సగం వినేది కాదు.

తర్వాత గంటలు తగ్గిపోయాయి. ఏ సంవత్సరం ఆఖరి బండి ఎక్కిందో ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. సింగరయ్య మాత్రం లారీలను హారను బట్టి గుర్తుపట్టడం నేర్చుకున్నాడు. అత్తగారు పోయింది, ఆదెమ్మ భర్త జబ్బుచేసి పోయాడు, దీపం ఆమె చేతికి వచ్చింది.

లారీవాళ్లకు భక్తి తక్కువ కాలేదు. మలుపులో లారీ ఆపి, చక్రం వెనక రాయి పెట్టి, కొబ్బరికాయ కొట్టేవారు. చిక్కంతా బయలుదేరేటప్పుడే. ఎక్కుడులో లారీ కదిలితే మళ్లీ ఆగదు. రాయి తీయడానికి క్లీనరు నిలబడితే బండి అందదు. అందుకని రాయి రోడ్డు మీదే ఉండిపోయేది. తర్వాత వచ్చిన వారెవరో కాలితో పక్కకు నెట్టేవారు.

ఒకరోజు ఒక క్లీనరు అలా రాయిని తన్నడం ఆదెమ్మ కంట పడింది. ఆమెకు ప్రాణం చివుక్కుమంది.

"అమ్మ రాయిని కాలితో తంతావా? కళ్లు పోతయ్!" అని కేక వేసి, ఆ రాయికి అక్కడికక్కడే పసుపు పూసి మూడు కుంకుమ బొట్లు పెట్టింది. అది మొదలు మలుపులో మిగిలిన ప్రతి రాయికీ సాయంత్రం పసుపు పూసేది. పసుపు రాయిని కదిపే ధైర్యం ఎవరికీ లేకపోయింది. "అమ్మ ఉన్నచోటే ఉండనీ" అని ఆమే చెప్పేది. చూసినవారు ఆమె భక్తిని మెచ్చుకున్నారు. ఆమెకూ సంతోషంగానే ఉండేది.

మొదట కూరగాయల మూటతో సైకిల్ మీద దిగుతున్న మనిషి పోయాడు. రెండేళ్ల తర్వాత కొత్త స్కూటరు మీద వస్తున్న దంపతులు పోయారు. చేతులు విరిగినవారూ మొహాలు పగిలినవారూ లెక్కకు రారు. అమ్మవారికి కోపం వచ్చిందని మునగలమిట్ట పట్నమంతా అనుకున్నది. కోపం తీరాలని ఇంకా ఎక్కువ కొబ్బరికాయలు కొట్టారు. అందుకోసం ఇంకా ఎక్కువ లారీలు ఆగాయి. రోడ్డు మీద ఇంకా ఎక్కువ రాళ్లు మిగిలాయి.

ఒక మార్గశిర మాసపు తెల్లవారుజామున సింగరయ్య మోపెడ్ మీద రెండు పాలక్యాన్లు కట్టుకుని పట్నానికి బయలుదేరాడు. మంచు దట్టంగా ఉంది. క్యాన్లు దొర్లిన చప్పుడు విని ఆదెమ్మ పరుగెత్తింది. సింగరయ్య కాలు మోపెడ్ కింద నలిగిపోయి ఉంది. తారు మీద పాలు పారుతున్నాయి. ఆ పాల నడుమ ఒక రాయి ఉంది. పసుపు సగం కడుక్కుపోయినా బొట్లు పోలేదు. అవి క్రితం సాయంత్రం ఆమె వేలితో పెట్టిన బొట్లే.

నెల తర్వాత, మోకాలి కింద కాలు తీసేసి సింగరయ్యను ఇంటికి తెచ్చాక, పోలీస్ స్టేషన్లో కేసులు రాసే హెడ్ కానిస్టేబుల్ మౌలాలి చూడటానికి వచ్చాడు. టోపీ తీసి మంచం పక్కన కూర్చున్నాడు.

"అక్కా, తప్పుగా అనుకోకపోతే ఒక మాట."

"తప్పుగా అనుకునే ఓపిక లేదు. చెప్పు మౌలాలీ."

"పదేళ్ల కేసులు తీసి చూసినా. మొదటి ఆరేళ్లలో ఈ మలుపులో ఏడాదికి రెండు, మహా అయితే మూడు. ఈ నాలుగేళ్లల్లో ఏ ఏడాదీ తొమ్మిదికి తగ్గలా."

"బండ్లు పెరిగినయి గదా."

"పెరిగినయి. కింద మలుపులోనూ పెరిగినయి. అక్కడ కేసులు పెరగలేదే? ఇంకోటి చూడు. ఈ మలుపులో లారీ పడింది ఒక్కటీ లేదు. అన్నీ సైకిళ్లు, మోపెడ్లు, స్కూటర్లే. శానా మటుకు తెల్లారగట్ట, మంచులోనే." అతను గొంతు తగ్గించాడు. "నాలుగేళ్ల కింద ఇక్కడ కొత్తగా ఏం మొదలైందక్కా?"

అతనికి తెలుసు. అడగడమే మర్యాద అనుకున్నాడు.

జవాబు మంచం మీద నుంచి వచ్చింది. "వదిన పసుపు మొదలైంది. అయినా మంచి పసుపేలే వదినా, పుండు తొందరగా మానింది."

ఆదెమ్మ నవ్వలేదు. లేచి అవతలికి పోయింది. ఆనాటి నుంచి రెండు వారాలు ఆమెకు కంటిమీద కునుకు లేదు. అత్తగారి పాటలో తాను సగమే విన్న చరణాలు ఒక్కొక్కటిగా తిరిగి వచ్చాయి.

పదిహేనో రోజున గుడి పెద్దలను అరుగు దగ్గరికి పిలిచి, అమ్మవారిని మలుపు నుంచి కింది చదునుకు దించాలని చెప్పింది. పెద్దలందరిలోకీ వయసైన వెంగళరెడ్డి గడ్డం నిమురుకున్నాడు.

"అమ్మ స్థానం కదపాలంటే అమ్మే చెప్పాల ఆదెమ్మా. కలేమన్నా వచ్చిందా?"

వచ్చిందంటే చాలు. ఎవరూ మారుమాట్లాడరు. ఓబన్న వంశం కోడలి కలను కాదనేవాడు మునగలమిట్టలో లేడు. ఆమె అబద్ధమాడితే పని అయిపోతుందని అక్కడున్న అందరికంటే ఆమెకే బాగా తెలుసు.

"రాలేదు రెడ్డన్నా. నిద్ర పడితే గదా కల రావడానికి."

"మరెట్టా?"

"కొత్త కల ఎందుకు? ఓబన్న తాతకొచ్చిన కలనే మనం సగం విన్నాం. 'నన్ను పక్కకు చేర్చు' అన్నది తల్లి. నేను పసుపు పూసి నడిబాటన కూర్చోబెట్టినా. మీరందరూ దండం పెట్టినారు. ఆ ముగ్గురి ఉసురు అమ్మది కాదు, నాది."

 పెద్దల్లో ఒకరు, "మలుపులో లేకపోతే అమ్మ మలుపును ఎట్టా కాస్తది?" అన్నారు.

చంకకర్ర మీద ఒరిగి నిలబడ్డ సింగరయ్య అందుకున్నాడు. "ఎక్కేముందు కనబడితే డ్రైవరు ఎక్కేముందే బ్రేకు చూసుకుంటాడు మామా. నడికొండలో బండి ఆపి దండం పెడితే అమ్మ మాత్రం ఏం చేస్తది, ఎనకమాల చెయ్యి అడ్డం పెడతదా?"

"కాలు పోయినా నోరు పోలా వీడికి," అని వెంగళరెడ్డి నవ్వాడు. మిగతావారూ నవ్వారు. అయినా ఒప్పుకుంటామన్న మాట రాలేదు.

అప్పుడు ఆదెమ్మ దీపపు కుంది తీసి అరుగు మీద రెడ్డి ముందు పెట్టింది. "ఈ మలుపులో నేనింక వెలిగించను. మీకు ఇక్కడే కావాలంటే ఇంకో వంశాన్ని చూసుకోండి."

నాలుగు తరాల దీపం. అది ఆమె చేతిలో ఆగిపోతే పోయిన పెద్దవాళ్లకు ఏం జవాబు చెప్పాలో ఆమెకూ తెలియదు.  వెంగళరెడ్డి కుందిని తన చేతులతో ఎత్తి ఆమెకు తిరిగి ఇచ్చాడు. "బండి మాట్లాడు," అన్నాడు.

పట్నంలో ఎడ్లబండి లేదు. గంగవరం నుంచి తెప్పించారు. మాఘ పౌర్ణమి ఉదయం అమ్మవారిని గడ్డి పరిచిన బండిలో కూర్చోబెట్టారు. సింగరయ్య పక్కన కూర్చుని రెండు చేతులా పట్టుకున్నాడు. బండి గంటలు చాలాకాలం తర్వాత మలుపులో మోగాయి. "ఎడమెద్దు కుంటిది కాదు వదినా ఈసారి," అన్నాడతను. అది విన్న ముసలి బండ్లవాళ్లు ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. దిగుడులో అడ్డురాయి పట్టేవాడు చక్రం పక్కన నడవాలి. ఆ రాయిని ఆదెమ్మ పట్టింది. సగం దారిలో ఎద్దులను నిలిపినప్పుడు చక్రానికి ముందు రాయి పెట్టింది. బండి మళ్లీ కదలబోయే ముందు వంగి, రాయి తీసి, చంకన పెట్టుకుని, "వెనకవాడికి తల్లీ" అన్నది. వెనక నడుస్తున్న ఊరంతా ఆ మాట అన్నది.

నేటికీ ఇక్కడి ఆచారం అదే. కనుమ ఎక్కే బండి రోడ్డు వదిలి చదును నేలలోకి రావాలి. నడిపేవాడు దిగి తన బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, చక్రాలు, బ్రేకులు, దీపాలు చూసుకోవాలి. ఆ తర్వాతే కొబ్బరికాయ. దారిలో ఎవరు రాయి వాడినా, ఎవరికి రాయి కనబడినా, దాన్ని తెచ్చి అమ్మవారి గుట్టలో వేయాలి. తీసిన ప్రతి రాయీ వెనక వచ్చే ఒక ఇంటి దీపాన్ని కాస్తుందని నమ్మకం. కొత్త బండి కొన్నవారు, కొత్తగా లైసెన్సు తీసుకున్నవారు ముందుగా ఒక రాయి ఏరి తెచ్చాకే పూజ చేయించుకుంటారు. ఏటా మాఘ పౌర్ణమికి బండి ఊరేగింపు జరుగుతుంది. గంటలు కట్టే పని సింగరయ్యది.

అమ్మవారు దిగివచ్చాక మూడేళ్లపాటు ఆ మలుపు మీద కేసు రాయలేదని మౌలాలి పదవీ విరమణ చేసే రోజున వచ్చి చెప్పి, ఒక రాయి వేసి పోయాడు. ఆ తర్వాత ఒకటీ అరా జరిగాయి. వేగంగా పోయేవాడికి ఏ దేవతా అడ్డం పడలేదు, ఆ మాట కూడా చెప్పవలసిందే.

బండి దిగిన ఆనాటి సాయంత్రమే ఆదెమ్మ ఒక నియమం పెట్టుకుంది. సందె వేళకు ముందు గంప తీసుకుని రెండో మలుపు దాకా నడిచి, రోడ్డు మీద ఉన్న ప్రతి రాయినీ ఏరి తేవాలి. ఆ తర్వాతే దీపం. ఆమెకు ఇప్పుడు అరవై దాటింది. మోకాళ్లు సహకరించవు. నిరుడు జాతరకు పట్నం నుంచి పెద్దమనుషులు వచ్చి తొందరపడితే, గుడి పెద్దలు ఆమెను ఆపి, "ఈ ఒక్కరోజుకీ దీపం పెట్టేసి పోరాదా?" అని అడిగారు. ఆమె గంప చంకన పెట్టుకుని రోడ్డెక్కింది. ఆమె తిరిగి వచ్చి గుట్టలో నాలుగు రాళ్లు వేసేదాకా పెద్దమనుషులు చెప్పులు విడిచి చీకట్లో నిలబడ్డారు.

ఇరవై రెండేళ్లుగా మలుపు నడిచి రాకుండా ఆమె ఒక్కనాడూ దీపం వెలిగించలేదు.