ఇప్పపూల కిరీటం ఎవరికి?

అనగనగా ఒక అడవిలో, రెండు కొండల నడుమ, ఇప్పలకోన అనే చోటు ఉండేది. అక్కడ తిండికి అప్పుడప్పుడు కరువొచ్చేది. పండితులకు మాత్రం ఎన్నడూ రాలేదు.

పిల్లలూ, ఉన్న తిండిని, ఉన్న నీళ్లను ఇంతమందికి ఎలా సరిపెట్టాలి, ఒక్కో ఏడు ఎందుకు చాలకుండా పోతాయి అని ఆలోచించే చదువు ఒకటుంది. దాన్ని అర్థశాస్త్రం అంటారు. ఇప్పలకోన జంతువులకు ఆ చదువంటే మహా గౌరవం. అందుకే ఏటా వేసవిలో ఇప్పచెట్లు పూసినప్పుడు, అందులో అందరికన్నా గొప్ప పండితుడికి ఇప్పపూల కిరీటం పెట్టేవారు. ఎవరికి పెట్టాలో మూడు ముసలి ఏనుగులు కొండ వెనక్కి పోయి తేల్చుకునేవి. ఆ పేరు ముందుగా బయటపెట్టకూడదని ఆచారం. ఎవరైనా అడిగితే చెవులు ఊపి ఊరుకునేవి.

చెప్పం అన్నదే అందరికీ కావాలి కదా! అక్కడే గౌరాలుకు పని దొరికింది.

గౌరాలు ఒక గోరింక. ఒక ఏడు అది మర్రిపళ్లు తింటూ, ఎదురుగా నెమలి నడిచిపోతుంటే, "ఈసారి కిరీటం నెమలికే" అంది. ఊరికే అంది. తీరా చూస్తే నెమలికే వచ్చింది. మరుసటి ఏడు తెలివిగా నాలుగు పేర్లు చెప్పింది. ఒకటి తగిలింది. తగలని మూడింటినీ ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. ఆ దెబ్బతో గౌరాలు పేరు కోనంతా మోగిపోయింది.

మూడో ఏడు గౌరాలు ఒక పద్ధతి కనిపెట్టింది. ఒక్కో పండితుడికి మర్రిచెట్టులో ఒక్కో తొర్ర కేటాయించింది. ఒక పండితుడి పేరును ఇంకో పండితుడు తలిస్తే, ఆ పేరుగలవాడి తొర్రలో ఒక కుంకుడు గింజ వేసేది. ఎవరి తొర్రలో గింజలు ఎక్కువుంటే వారికే కిరీటం.

"మరి వాళ్లు చెప్పిందేమిటో వినక్కర్లేదా పిన్నీ?" అని ఉడుత అడిగింది.

"వింటూ కూర్చుంటే లెక్క తప్పుతుందే" అంది గౌరాలు.

ఇక పండితులు ఊరుకుంటారా? పొద్దున లేస్తే ఒకరి పేరు ఒకరు తలవడమే పని.

నెమలి పేరు నీలాంబరం. అది పురి విప్పి, "వాన వస్తే నెమలి ఆడుతుంది. కాబట్టి నెమలి ఆడితే వాన వస్తుంది. దీన్ని నక్కగారు కూడా ఒప్పుకున్నారు" అంది. టప్‌మని నక్క తొర్రలో ఒక గింజ పడింది.

నక్క పేరు జంబయ్య. అది గొంతు సవరించుకుని, "ఆకలిగా ఉన్నవాళ్లకు ఆకలి అలవాటు చేస్తే తిండి దానంతటదే మిగులుతుంది. ఈ మాటకు ఎలుగుబంటిగారే స్ఫూర్తి" అంది. ఎలుగుబంటి తొర్రలో ఒక గింజ.

ఎలుగుబంటి పేరు భల్లయ్య. అది మూతి నాక్కుంటూ, "తేనెపట్టు మొత్తం నేనే తినాలి. అప్పుడు నా మూతి నుంచి కారేది కింద చీమలకు చాలుతుంది. నెమలిగారు దీన్ని మెచ్చుకున్నారు" అంది. నెమలి తొర్రలో ఒక గింజ.

చీమలు ఏమన్నాయో ఎవరూ అడగలేదు. వాటికి తొర్ర లేదు.

ఆ ఏడు వానలు ఆగి నెల తిరగగానే జోస్యాల జాతర మొదలైంది. మూడు రోజుల జాతర. కిరీటం వేసవిలో, జోస్యం చలికాలంలో! మూడో రోజు సాయంత్రం గౌరాలు ఆఖరి పేరు చెబుతుంది. కోతులు రేగుపళ్లు పందెం కాసుకున్నాయి. కుందేళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మానేశాయి.

మొదటి రోజు ముత్యాలు అనే ముళ్లపంది గౌరాలు దగ్గరికి వచ్చింది. కాళ్లనిండా బురద.

"గౌరాలమ్మా, మన మడుగు గట్టుకు బుంగ పడింది. నీళ్లు కిందికి కారిపోతున్నాయి. వానలు ఆగిన దగ్గర్నుంచి వారానికొకసారి, నీళ్లు ఎక్కడిదాకా ఉంటే అక్కడ, నా ఒంటి నుంచి రాలిన ముల్లు ఒకటి గుచ్చుతున్నాను. నిరుడు ముల్లుకీ ముల్లుకీ మధ్య నా పాదమంత ఎడం. ఈ ఏడు నా ఒళ్లంత ఎడం! ఇట్లాగే పోతే ఇప్పచెట్లు పూసేనాటికి మడుగులో చుక్క ఉండదు. ఇప్పుడైతే మట్టి మెత్తగా ఉంది. పదిమంది మూడు రోజులు తొక్కితే బుంగ పూడిపోతుంది. నీ మాటైతే అందరూ వింటారు. ఒక్క మాట చెప్పు తల్లీ. నువ్వు పిల్లల్ని చేసేదీ వేసవిలోనే కదా."

గౌరాలు తొర్రలన్నీ చూసి వచ్చింది. "అత్తా, నీ పేరు ఒక్కరూ తలవలేదు. నీకసలు తొర్రే లేదు" అంది.

"నేను కిరీటం అడగలేదే! మట్టి తొక్కేవాళ్లను అడుగుతున్నాను."

"గింజలు లేనివాళ్ల మాట నేను చెబితే నా పరువేం కాను? పోయి ఎవరైనా పండితుడితో నీ పేరు అనిపించుకుని రా. అప్పుడు చూద్దాం."

రెండో రోజు ముత్యాలు ఎలుగుబంటి దగ్గరికి వెళ్లింది. "భల్లయ్య మామా, మడుగు సంగతి నువ్వైనా నలుగురికీ చెప్పు" అని బతిమాలింది.

"నీ పేరు తలవమంటావు, అంతేగా? మరి నువ్వు నా పేరు తలుస్తావా?" అంది ఎలుగుబంటి.

"గట్టు బుంగకీ నీ పేరుకీ సంబంధమేమిటి మామా?"

"అదిగో, అందుకే నువ్వు ఇన్నేళ్లయినా పైకి రాలేదు" అని ఎలుగుబంటి జాలిపడింది. జాలిపడి, నక్కను పొగడడానికి వెళ్లిపోయింది.

మూడో రోజు ముత్యాలు మళ్లీ గౌరాలు దగ్గరికే వచ్చింది. "నా మాట నమ్మొద్దు. ఒక్కసారి వచ్చి నీ కళ్లతో చూడు" అంది.

పోరు పడలేక గౌరాలు ఎగిరి మడుగు దగ్గరికి వెళ్లింది. ఒడ్డున ముళ్లు వరసగా గుచ్చి ఉన్నాయి. వాటి మధ్య ఎడం చూసింది. గట్టు మీద వాలి చెవి పెట్టింది. లోపల నీళ్లు బుడబుడమని పోతున్నాయి. ముత్యాలు చెప్పిన ప్రతి మాటా నిజమే. గౌరాలుకు ఆ క్షణంలో తెలిసిపోయింది.

తెలిసి ఏం చేసింది? గుర్తుపెట్టుకోండి పిల్లలూ, కథంతా ఇక్కడే ఉంది.

అక్కడ జాతరలో కోనంతా గౌరాలు జోస్యం కోసమే కాచుకుని ఉంది. ఇప్పుడు పోయి "మట్టి తొక్కుదాం రండి" అంటే అందరూ గట్టు దగ్గరికి పరిగెత్తుతారు. జాతర చెడుతుంది. పైగా ఆ సందులో ఏ కాకో వచ్చి జోస్యం చెప్పేసినా చెప్పేస్తుంది. అప్పుడు గౌరాలును ఎవరు పట్టించుకుంటారు?

"జాతర అయిపోనీ అత్తా. అప్పుడు చెబుతాలే" అంది గౌరాలు.

ఆ సాయంత్రం కొమ్మెక్కి, "ఈ ఏడు కిరీటం ఎలుగుబంటికే!" అని ప్రకటించింది. ఈలలు, గంతులు, అలకలు. రెండు కోతులు కొట్టుకున్నాయి. తెల్లారేసరికి గౌరాలు గొంతు పోయింది. మూడు రోజులు పడుకుంది. లేచాక ఎవరు చూసినా జోస్యం గురించే అడిగారు. మట్టి సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది, రేపు చెబుదాంలే అనుకుంది. వారం తిరిగేసరికి మట్టి గట్టిపడింది. బుంగ పెద్దదైంది.

ముత్యాలు ఒక్కతే మట్టి తెచ్చి తొక్కింది. పగలు తొక్కింది రాత్రికి కొట్టుకుపోయేది. నాలుగు చిన్న కాళ్లు, పాపం, ఎంతని తొక్కుతాయి?

వేసవి వచ్చింది. ఇప్పచెట్లు పూశాయి. మడుగు ఎండిపోయింది. ముళ్ల వరస ఒడ్డున మొదలై మడుగు నడుమ దాకా పోయింది. ఆఖరి ముల్లు పగుళ్లిచ్చిన బురదలో నిలబడి ఉంది. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు కొండ దాటి పోయి నీళ్లు తాగి వస్తున్నారు. లేనివాళ్లు నీడన పడి ఉన్నారు. ఎలుగుబంటి మూతి నుంచి ఏమీ కారడం లేదు. గౌరాలు గూట్లో రెండు పిల్లలు పగలంతా నోళ్లు తెరుచుకునే ఉంటున్నాయి.

అయినా కిరీటం పండగ ఆగలేదు. ఎండిన మడుగులోనే సభ పెట్టారు, చోటు విశాలంగా ఉందని.

పెద్ద ఏనుగు లేచి నిలబడింది. "ఈ ఏటి కిరీటం ముళ్లపంది ముత్యాలుకు. ఈ మడుగు ఎండిపోతుందని అందరికన్నా ముందు కనిపెట్టినందుకు!" అంది.

ఒకటే చప్పట్లు. "ముత్యాలు గురించి నేను ఎప్పటినుంచో అంటూనే ఉన్నాను" అంది నెమలి. "ముత్యాలుకు స్ఫూర్తి నేనే" అంది నక్క. "ముత్యాలు మా ఇంటి మనిషి లాంటిది" అంది ఎలుగుబంటి. ముత్యాలుకు తొర్ర ఉండి గింజలు వేసి ఉంటే, ఆ పూట అది పొంగిపొర్లేది.

గౌరాలు మెల్లిగా ఏనుగు ముందు వాలింది. "తాతా, ఈ సంగతి మీకెప్పుడు తెలిసింది?"

"చలికాలం మొదట్లోనే తెలిసింది. నీళ్లు తాగడానికి వస్తే ఆ ముళ్లు కాలికి గుచ్చుకున్నాయి. ముత్యాలు వివరంగా చెప్పింది. మేం ముగ్గురం అప్పుడే కిరీటం ఆమెకని తేల్చేశాం."

"మరి గట్టు సంగతి అందరికీ ఎందుకు చెప్పలేదు?"

ఏనుగు ఆశ్చర్యపోయింది. "అదెలా కుదురుతుంది? చెబితే ఎవరికి కిరీటం ఇస్తున్నామో తెలిసిపోదూ? పేరు ముందుగా బయటపెట్టకూడదు. అది ఆచారం!" అంది.

నాకు ఆ ఏనుగు మీద ఎంత కోపం వస్తుందో చెప్పలేను. గౌరాలుకు కూడా వచ్చింది. కానీ తిట్టడానికి ముక్కు తెరిచి, మళ్లీ మూసుకుంది. ఆ మాట అనే హక్కు తనకు లేదు మరి.

అంతలో ముత్యాలు వచ్చింది. మడుగు పక్కనే ఎండిన వాగు ఇసుకలో పొద్దుటి నుంచి నీళ్ల కోసం చెలమ తవ్వుతోంది. ఇంకా నీళ్లు పడలేదు. కిరీటం తలమీద పెట్టారు. ఉపన్యాసం ఇవ్వమన్నా ఇవ్వలేదు. తిన్నగా గౌరాలు గూడున్న పొద దగ్గరికి నడిచింది. కిరీటంలోంచి రెండు ఇప్పపూలు తెంపింది.

"ఇందులో కాస్త తడి ఉంటుందమ్మా. పిల్లల నోట్లో పిండు" అంది.

గౌరాలు పిండింది. పెద్ద పిల్ల చప్పరించింది. చిన్న పిల్ల నోరు తెరిచే ఉంది గానీ, మింగలేదు.

గౌరాలు గుండె పగిలేలా ఏడ్చింది. ముత్యాలు దాని పక్కనే కూర్చుంది. నేను చెప్పలేదా అని ఒక్క మాట కూడా అనలేదు. లేచి, మళ్లీ చెలమ దగ్గరికి వెళ్లిపోయింది.

వెనక నుంచి ఒక కోతి వచ్చి, గౌరాలు రెక్క గోకింది. "పిన్నీ, పిన్నీ! వచ్చే ఏడు కిరీటం ఎవరికి?"

అన్ని తలలూ ఇటు తిరిగాయి.

గౌరాలు ఎగిరి వాగులో వాలింది. ముత్యాలు పక్కన నిలబడి, ముక్కుతో ఇసుక తీసి పక్కన పోయడం మొదలుపెట్టింది.

నీతి: ఎవరు గెలుస్తారో అని చెవులు రిక్కించకండి, వాళ్లేం చెబుతున్నారో వినండి, నిజం తెలిసినవాళ్లు దాన్ని వెంటనే చెప్పాలి, మంచి రోజు కోసం దాచిపెట్టకూడదు.