టేపుకు దొరకని పిడి

విశాఖపట్నంలో సముద్రపు గాలి తగిలే ఒక గోల్ఫ్ మైదానం గేటు పక్కన ముకుందం అనే పనివాడు ఉండేవాడు. చేతిలో పనితనం ఎంత ఉండేదో, ఎదుటివాళ్ళ మాట చెవికెక్కించుకోని మొండితనమూ అంతే ఉండేది.

అతని పని పటర్లు చేయడం. గోల్ఫ్‌లో బంతిని దూరంగా కొట్టడానికి రకరకాల కర్రలు ఉంటాయి. బంతి గుంత దగ్గరికి చేరాక దాన్ని మెల్లగా దొర్లించి లోపల పడేయడానికి మాత్రం ఒక్కటే కర్ర. దాన్నే పటర్ అంటారు. అది చేతికి కుదరకపోతే బంతి గుంత అంచుదాకా వెళ్ళి, వెక్కిరించినట్టు పక్కకి పోతుంది. అందుకే ఆటగాళ్ళు మిగతా కర్రలతో ఎలాగో సర్దుకుపోయినా, పటర్ దగ్గర మాత్రం మహా పట్టింపుగా ఉంటారు.

ఒకాయనకి పటర్ తల సన్నగా చాకులా ఉండాలి. ఇంకొకాయనకి వెడల్పుగా, బరువుగా ఉంటే తప్ప చెయ్యి నిలవదు. ఓడరేవులో పెద్ద ఉద్యోగం చేసిన ఒక పెద్దమనిషికి బంతి తగిలినప్పుడు 'టిక్'మంటే నచ్చదు, 'టక్'మనాలి. ముకుందం ఈ గొడవలేవీ వినేవాడు కాదు. మెళ్ళో టేపు వేసుకుని, వచ్చిన మనిషిని గోడకి ఆనించి నిటారుగా నిలబెట్టి, భుజం నుంచి మణికట్టుకి, మణికట్టు నుంచి నేలకి కొలిచేవాడు. వాళ్ళు నోరు తెరవబోతే, "మీరు మాట్లాడకండి. టేపు మాట్లాడుతుంది" అనేవాడు.

నిజం చెప్పుకోవాలంటే నూటికి తొంభై మందికి అతని కొలత చక్కగా సరిపోయేది. అతన్ని చెడగొట్టింది కూడా అదే. మిగతా పదిమందీ ఏమయ్యారని అతను ఎప్పుడూ అడగలేదు.

ఒకరోజు పొద్దున్నే వరహాలమ్మ టీచరు దుకాణానికి వచ్చారు. ఆవిడ గవర్నమెంటు బడిలో ముప్పై రెండేళ్ళు లెక్కలు చెప్పి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. ఇల్లు మైదానం వెనకే కావడంతో, పొద్దుపోక గోల్ఫ్ నేర్చుకున్నారు. పొద్దుపోక మొదలుపెట్టింది కాస్తా రెండేళ్ళలో పిచ్చిగా మారింది. ఆ క్లబ్బులో ఏటా అరవై దాటిన ఆడవాళ్ళకి ఒక పోటీ పెడతారు. గెలిచినవారి పేరు వరండాలోని టేకు పలక మీద బంగారు రంగుతో రాస్తారు. వరహాలమ్మ అంతకుముందు రెండుసార్లూ రెండో స్థానంలోనే ఆగిపోయారు.

"ముకుందం, ఫస్టు వచ్చిన పిల్లల పేర్లు ముప్పై రెండేళ్ళు నల్లబల్ల మీద రాశాను. ఒక్కసారి నా పేరు ఎవరైనా రాస్తే చూడాలనుంది. నా పటర్ తల కాస్త వదులైంది, బిగించి పెట్టు" అన్నారు ఆవిడ.

ముకుందం ఆ పటర్ చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆవిడ చూస్తే ఐదడుగులు కూడా లేరు. కడ్డీ చూస్తే ఆరడుగుల మనిషికి సరిపోయేంత ఉంది. పిడికి పాత నూలుచీర పేలికలు చుట్టి చుట్టి మొక్కజొన్న పొత్తంత లావు చేశారు.

"ఇది పటరా, రోకలా టీచరు గారూ?" అన్నాడు.

"అలా తీసెయ్యకు. అది అలా ఎందుకుందంటే, నా..."

"మీరు మాట్లాడకండి. టేపు మాట్లాడుతుంది."

ఎంతైనా లెక్కల టీచరు. కొలత అనగానే ఆవిడకి గౌరవం. చెప్పబోయిన మాట మింగేసి, బడిపిల్లలా గోడకి ఆనుకుని నిలబడ్డారు. ముకుందం రెండుసార్లు కొలిచి, గోడ మీద పెన్సిలుతో రాసుకుని, వారం తిరక్కుండా కొత్త పటర్ చేసి ఇచ్చాడు. కడ్డీ పొట్టిగా, పిడి సన్నగా, తల అద్దంలా మెరుస్తూ చూడముచ్చటగా ఉంది. ఆవిడ దాన్ని రెండు చేతులా అందుకుని మురిసిపోయారు.

"ఆ రోకలి ఇక్కడే పారేసి వెళ్ళండి" అన్నాడు ముకుందం. ఆవిడ వెళ్ళగానే దాన్ని పక్క టీకొట్టు అప్పన్నకి ఇచ్చేశాడు. అప్పన్నకి సరిగ్గా అలాంటిదే కావాలి. సాయంత్రం కొట్టు మూసేటప్పుడు పైనున్న ఇనప షట్టరుని ఆ పటర్ ముక్కుతో తగిలించి కిందికి లాగేవాడు.

మూడు వారాలు గడిచాయి. ఆదివారం పోటీ అనగా గురువారం మధ్యాహ్నం దుకాణం ముందు ఆటో ఆగింది. వరహాలమ్మ తన కర్రల సంచీ మొత్తం దింపించారు.

"ఇవి నేర్చుకునేవాళ్ళెవరికైనా ఇచ్చెయ్ ముకుందం. నేనిక ఆడను" అన్నారు.

"అదేంటి టీచరు గారూ, ఆదివారమే కదా పోటీ?"

"అడుగు దూరం నుంచి కూడా గుంతలో పడటం లేదు నాయనా. నీ కొలతల్లో ఏమైనా తేడా వచ్చిందేమోనని ఇంట్లో మళ్ళీ కొలిచి చూశాను. పావంగుళం కూడా తేడా లేదు. కొలత సరిగ్గా ఉన్నప్పుడు తప్పు నాదే అవ్వాలి కదా. వయసైపోయింది, అంతే."

ఆవిడ ఏడవలేదు, నిష్ఠూరమాడలేదు. బల్ల మీద లెక్క చేసి చూపించినట్టు చెప్పి వెళ్ళిపోయారు. తిట్టిపోసినా ముకుందానికి అంత కష్టమనిపించేది కాదు. ఆ మెరిసే పటర్ని సంచీలోంచి తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడా లోపం లేదు. లోపం కనపడకపోవడమే అతనికి గుండెల్లో గుచ్చుకుంది.

భోజనానికి ఇంటికెళ్తే అతని భార్య నూకరత్నం ముందుగదిలో మిషను మీద జాకెట్టు కుడుతోంది. ముకుందం కంచం ముందు కూర్చుని, ఆమె చేతిలోని గుడ్డ వంక చూశాడు.

"అదేటి, కుడిభుజం కిందికి దిగిపోయింది? వంకరగా కుట్టేస్తన్నావు."

నూకరత్నం నవ్వింది. "వంకర కాదండి. పోస్టులో చేసే అమ్మాయిది. ఉత్తరాల సంచీ మోసి మోసి ఆ పిల్లకి భుజం అలగ వాలిపోయింది. ఇదిగో, ఆది జాకెట్టు కూడా అలాగే ఉంది చూడండి."

ఆది జాకెట్టంటే, ఒంటికి బాగా కుదిరిందని కొలత కోసం దర్జీకిచ్చే పాత జాకెట్టు. ముకుందం దాన్ని అందుకుని చూశాడు.

"టేపుతో కొలిస్తే పోదా?"

"కొలుస్తాను. కానీ టేపుకి ఒళ్ళే తెలుస్తాది గాని, ఆ ఒంటికి ఎక్కడ నొప్పో ఏటి తెలుస్తాది? అందుకే ఆది అడుగుతాను. ఆది లేదంటే కూచోబెట్టి మనిషినే అడుగుతాను. చెప్పుకోడానికి ఎవరికైనా ఇష్టమే కదండీ, వినేవోళ్ళుండాలి గాని."

ముకుందం నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. వరహాలమ్మ ఆ రోజు 'నా...' అని ఏదో చెప్పబోయారు. ఆ మాటని సగంలో తుంచింది తనే. ఆవిడకి కుదిరిన పాత పటర్ని రోకలని నవ్వి బయటికి గెంటింది కూడా తనే. కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాడు. పులుసు వడ్డించకముందే లేచాడని వెనక నుంచి నూకరత్నం గొంతు చాలా దూరం వినిపించింది.

టీకొట్టు దగ్గరికి పరుగెత్తి, "అప్పన్నా, ఆ పాత పటర్ ఇచ్చెయ్" అన్నాడు.

"ఇచ్చేత్తే షట్టరు దేంతో లాగమంటావు గురూ?" అన్నాడు అప్పన్న, టీ తిరగబోస్తూ.

ముకుందం తన దుకాణంలోంచి నిగనిగలాడే కొత్త పటర్ ఒకటి తెచ్చిచ్చాడు. అప్పన్న దాన్ని పైకెత్తి చూశాడు. "పొట్టి. అందదు" అన్నాడు. ఇంకొకటి తెచ్చాడు. "ముక్కు మరీ సన్నం, జారిపోద్ది." మూడోది తెచ్చాడు. "బరువు. సాయంత్రానికి నా చెయ్యి పట్టేత్తాది." నాలుగోది కూడా నచ్చకపోయేసరికి ముకుందానికి ఒళ్ళు మండింది. నువ్వు మాట్లాడకని నోటిదాకా వచ్చింది. దాన్ని గట్టిగా దిగమింగి, పుట్టాక మొదటిసారి ఒక మాట అడిగాడు.

"సరే, నీకెలా ఉండాలో నువ్వే చెప్పు."

అప్పన్న చెప్పాడు. ఎంత పొడుగుండాలో, ముక్కు ఎటు తిరగాలో, పట్టుకునేచోట ఎలా ఉంటే తడిచెయ్యి జారదో, అన్నీ చెప్పాడు. షట్టరు లాగే కర్ర గురించి ఇంత సంగతి ఉంటుందని ముకుందం కలలో కూడా అనుకోలేదు. పావుగంటలో అప్పన్న చెప్పినట్టే ఒకటి చేసిచ్చాడు. అప్పన్న ఒక్క లాగు లాగి, షట్టరు సగానికి దిగితే, "అబ్బ, హాయిగా ఉంది గురూ" అని పాత పటర్ చేతిలో పెట్టాడు.

తీరా చూస్తే పిడికి చుట్టిన పేలికలు లేవు. అవి ఎప్పుడో పాలగిన్నె దింపే మసిగుడ్డలైపోయాయి. ఇప్పుడు చేతిలో ఉన్నది బోసి కడ్డీ. పిడి ఎంత లావుండాలో చెప్పగలిగిన మనిషి ఇక ఒక్కరే మిగిలారు.

సాయంత్రం ముకుందం వరహాలమ్మ ఇంటి మెట్ల మీద కూర్చున్నాడు. మెళ్ళో టేపు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"టీచరు గారూ, పిడి అంత లావుగా ఎందుకు పెట్టుకున్నారు?" అని అడిగి ఊరుకున్నాడు.

ఆవిడ కుడిచెయ్యి చాపి చూపించారు. వేళ్ళ కణుపులు బాగా ఉబ్బి ఉన్నాయి. "ఇవి పూర్తిగా ముడుచుకోవు. సన్నపిడి అయితే బిగించి పట్టుకోవాలి, బిగిస్తే చెయ్యి వణుకుతుంది. లావుగా ఉంటే ఊరికే అలా ఆనించి పట్టుకున్నా నిలుస్తుంది. ఇక వంగితే నాకు నడుం పట్టేస్తుంది. అందుకే పొడుగు కడ్డీ."

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

వరహాలమ్మ కళ్ళజోడు పైనుంచి అతన్నే చూస్తూ ఉండిపోయారు. హోంవర్కు తేని పిల్లలు ఆ చూపుకే ఒప్పేసుకునేవారు. ముకుందం కూడా అంతే.

"నేను చెప్పనివ్వలేదు. తప్పు కొలతదీ కాదు, మీదీ కాదు, నాది" అన్నాడు.

ఆవిడ లోపలికెళ్ళి ఒక పాత నూలుచీర తెచ్చి నిలువునా పరపరా చించారు. ముకుందం పటర్ తల బిగించి, కడ్డీకి పేలిక చుట్టడం మొదలుపెట్టాడు. ఆవిడ కళ్ళు మూసుకుని పట్టుకుని చూసేవారు. "ఇంకా" అనేవారు. ఇంకో చుట్టు వేసేవాడు. "ఊహూఁ, బొటనవేలి దగ్గర ఎత్తుగా ఉంది" అనేవారు. విప్పి మళ్ళీ చుట్టేవాడు. అలా పదకొండుసార్లు విప్పించారు. పన్నెండోసారి పట్టుకున్నాక "చాలు" అన్నారు. ఆ చెయ్యి వణకలేదు. ఆవిడ ముఖంలోకి నవ్వొచ్చింది. ముకుందం కళ్ళు చెమ్మగిల్లాయి, అతను వాటిని దాచుకోలేదు.

ఆదివారం మైదానమంతా సందడిగా ఉంది. కడపటి గుంత దగ్గరికి వచ్చేసరికి వరహాలమ్మా, ఒక నేవీ ఆఫీసరు గారి అత్తగారూ సమానంగా ఉన్నారు. ఆ అత్తగారి చేతిలోది కూడా ముకుందం చేసిన పటరే, ఆవిడకి టేపు కొలత అచ్చంగా కుదిరింది. ఆవిడ ముందు కొట్టారు. బంతి గుంత పక్కనుంచి వెంట్రుకవాసిలో జారిపోయింది. ఇక వరహాలమ్మ వంతు. రెండు బారల దూరం, నేల కొంచెం ఎడమకి వాలుగా ఉంది. పడితే గెలుపు.

జనం లోపలికి రాకుండా కట్టిన తాడు అవతల నిలబడ్డ ముకుందానికి 'కాస్త కుడికి' అని అరవాలనిపించింది. రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఆవిడ నిటారుగా నిలబడి, లావుపాటి పిడిని వదులుగా పట్టుకుని, తోసీ తొయ్యనట్టు తోశారు. బంతి తీరిగ్గా కదిలింది, వాలులో వంపు తిరిగింది, గుంత అంచున ఒక్క క్షణం ఆలోచించి లోపలికి దిగిపోయింది. అప్పన్న వేసిన ఈలకి చెట్ల మీద కొంగలు లేచిపోయాయి. వరహాలమ్మ నవ్వుతూ నవ్వుతూ, ఇక నిలబడలేక అక్కడే పచ్చికలో కూర్చుండిపోయారు.

మర్నాడు పెయింటరు వరండాలో పేరు రాస్తున్నంతసేపూ ఆవిడ కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నారు. 'హ'కి దీర్ఘం సరిగ్గా పెట్టమని రెండుసార్లు చెప్పారు. పెయింటరు చిరాకుపడి బ్రష్షు దింపితే, పక్కనే ఉన్న ముకుందం అతని భుజం మీద చెయ్యి వేసి, "ఆవిడ చెప్పేది విను బాబూ, పేరు ఆవిడది" అన్నాడు. ఆ సాయంత్రమే తన దుకాణంలో గోడ దగ్గర ఒక కుర్చీ వేయించాడు. వచ్చినవాళ్ళు అందులో కూర్చుని తమకేం కావాలో తీరిగ్గా చెప్పుకునేవారు, ఆ తర్వాతే అతను టేపు తీసేవాడు.

ఎంత గొప్ప పనివాడైనా ముందు ఎదుటి మనిషి చెప్పేది పూర్తిగా వినాలి. వినడం రానివాడి నేర్పు ఎవరికీ మేలు చేయదు.