నక్క మావ డ్రైవింగ్ స్కూలు

మా అడవిలోకి ఆటోలొచ్చాయి. వాటి వెనకే రూలూ వచ్చింది: కొమ్ములు జానెడు మొలవాలి, ఎద్దు తాత ఎదుట బండి నడిపి చూపించాలి, అప్పుడే లైసెన్సు. కొమ్ముల్లేని జంతువుల గొడవ వేరే ఉందిలెండి, అది ఇప్పుడొద్దు.

కొండడనే మేకపోతుకి ఆ వేసవికే కొమ్ములు జానెడయ్యాయి. వాడి తల్లి కాలు విరిగి మంచాన పడింది. ఆమెను ఘాట్ రోడ్డు దాటించి, వైద్యం తెలిసిన కోతి దగ్గరికి చేర్చాలని వాడి ఆరాటం. వెళ్లి నక్క పెట్టిన డ్రైవింగ్ స్కూల్లో చేరాడు.

"మావా, బ్రేకెప్పుడు నేర్పుతావు?"

"బ్రేకెందుకురా అల్లుడూ? తాత చూసేది మైదానంలో ఎనిమిది అంకె తిప్పడం ఒక్కటే. చదును నేలేగా, యాక్సిలేటర్ వదిలేస్తే బండి అదే ఆగుతుంది."

"ఎదురుగా ఇంకో బండొస్తే?"

"పరీక్షలో ఎవడొస్తాడురా? పిచ్చి ప్రశ్నలు మాని తిప్పు."

కొండడు తిప్పాడు. నిద్రలో కూడా వాడి కాళ్లు ఎనిమిదే తిప్పేవి. పరీక్ష నాడు గీత దాటకుండా తిప్పేసరికి, చూడవచ్చిన జంతువులన్నీ ఈలలేశాయి. నక్క మీసం మెలేసింది.

ఎద్దు తాత నెమరు ఆపాడు. "బాగానే తిప్పావు. బండి ఎవరికోసంరా?"

"అమ్మ కోసం తాతా. ఘాట్ దాటించాలి."

"అయితే ముందు మీ గురువుని దాటించు. ఎక్కవయ్యా నక్కా."

నక్క ముఖం మాడిపోయింది. "నాకు నడకే అలవాటు తాతా."

"వాళ్లమ్మకి నడిచే వీల్లేదు. ఎక్కు."

అందరూ చూస్తున్నారు. ఎక్కకపోతే స్కూలు మూతపడుతుంది. నక్క తోక ముడుచుకుని వెనక సీట్లో కూర్చుంది. కొండడు ఇంజను స్టార్ట్ చేశాడో లేదో, నక్క పక్కనున్న ముళ్లపొదలోకి దూకేసింది.

"నన్నొదిలెయ్యండి బాబూ, వీడికి బ్రేకెక్కడుందో కూడా తెలీదు!"

మైదానమంతా గొల్లున నవ్వింది. కొండడు మాత్రం నవ్వలేదు. ఆ సీట్లో అమ్మ ఉంటే ఏమయ్యేదో తలుచుకుని వాడికి ఏడుపొచ్చింది.

"ఊరుకోరా. ఈరోజు మీ అమ్మని నేను తీసుకెళ్తాను," అని ఎద్దు తాత ముళ్లపొద వైపు తిరిగాడు. "నక్కా, రేపట్నుంచి వీడికి ఘాట్ రోడ్డు మీదే నేర్పు. వీడికి నడపడం వచ్చేదాకా వెనక సీటు నీదే."

తాను ఎక్కడానికి భయపడే బండిని ఎదుటివాడి చేతికివ్వకూడదు.