పేరయ్యగారి గుండె, నూకరాజు వంతు

రామచంద్రపురంలో తెలివి ఎక్కడుందని అడిగితే, అప్పడాల పేరయ్యగారింట్లో ఉందని చెబుతారు. ఎవరు చెబుతారంటే, పేరయ్యగారే చెబుతారు. కాలవ వంతెన పక్కనే ఇల్లు, ఇంటి ముందే కొట్టు. ఇంట్లో నలుగురు మనుషులు. పేరయ్యగారు రోకలితో పిండి దంచాలి. పెద్ద తమ్ముడు నూకరాజు ఉండలు కోయాలి. భార్య మాణిక్యం ఒత్తాలి. చిన్న తమ్ముడు గవర్రాజు మేడమీద ఆరబెట్టాలి. ఏ పనైనా నలుగురూ పంచుకుంటారు, ఎవరేం చెబితే అది అక్షరం పొల్లుపోకుండా చేస్తారు. ఈ రెండు గుణాలూ ఉన్న ఇల్లు జిల్లాలో ఇంకోటి లేదని వాళ్ళ నమ్మకం. ఆ మాట మాత్రం నిజమే.

అలాంటి ఇంట్లో ఓ రోజు దంచుతూ దంచుతూ పేరయ్యగారు గుండె పట్టుకుని కూలబడ్డారు. కాకినాడ తీసుకెళ్ళారు. డాక్టరు హైమవతిగారు పరీక్షలన్నీ చేసి, చేతికో నల్ల పట్టీ కట్టారు. పట్టీ మీద ఎర్రటి అంకె వెలిగింది.

"ఇదేంటండీ?" అన్నారు పేరయ్యగారు.

"మీ గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చెబుతుంది. అంకె ఉందంటే గుండె కొట్టుకుంటోందన్నమాట. రోజూ నలభై నిమిషాలు చురుగ్గా నడవండి. నడిచినంతసేపూ అంకె నూటపదికీ నూటముప్పైకీ మధ్య ఉండాలి. నూటముప్పై దాటితే ఎక్కడివాళ్ళక్కడే ఆగిపోండి. రెండ్రోజులకోసారి దీనికి ఛార్జింగు పెట్టండి. నలభై రోజులయ్యాక రండి, చూద్దాం."

"రోకలెప్పుడు పట్టుకోవచ్చండీ?"

"మీ గుండె కుదుటపడిందని నేను చెప్పాక. అందాకా ముట్టుకోనని మాటివ్వండి."

"ఒంట్లో ప్రాణం ఉండగా ముట్టుకోనండి," అని పేరయ్యగారు మాటిచ్చేశారు. ఇచ్చాక గుండె నిజంగానే కలుక్కుమంది. ఇరవై ఏళ్ళుగా ఆ రోకలి ఆయన చేతిలో తప్ప ఇంకొకరి చేతిలో ఉండి ఎరగదు. ఇకమీదట నూకరాజు దంచుతాడు, తాను కొట్లో కూర్చుని ఆ చప్పుడు వినాలి. నలభై రోజులు ఎప్పుడు గడుస్తాయా అని అప్పుడే వేళ్ళు మడిచారు.

మర్నాడు పొద్దున్నే తమ్ముళ్ళిద్దర్నీ వెంటేసుకుని నడక మొదలెట్టారు. నూటపది, నూటఇరవై, అంతా బాగానే ఉంది. వంతెన మధ్యకి వచ్చేసరికి గవర్రాజు పట్టీ చూసి "నూటముప్పై ఒకటి!" అని అరిచాడు.

అంతే. పేరయ్యగారు ఎక్కడివారక్కడే ఆగిపోయారు. కుడికాలు అప్పుడే పైకెత్తారు, అది గాల్లోనే ఉండిపోయింది.

వెనకాల బస్సు. ఆ వెనక ధాన్యం లారీ. ఆ వెనక బళ్ళు. డ్రైవరు హారను మోగించాడు. హారనుకి పేరయ్యగారు ఉలిక్కిపడ్డారు. అంకె నూటనలభై అయింది. మళ్ళీ మోగించాడు, నూటయాభై.

"ఏవండీ, పక్కకి తప్పుకోండీ!" అన్నాడు డ్రైవరు దిగొచ్చి.

"ఆగమన్నారండి, తప్పుకోమనలేదండి," అన్నారు పేరయ్యగారు ఒంటికాలి మీద ఊగుతూ.

"మీరు హారను కొడుతుంటే అంకె ఎలా దిగుతాదండీ?" అని నూకరాజు ఎదురు తిరిగాడు. "బుద్ధుందా మీకు?"

చివరికి గవర్రాజుకే ఉపాయం తట్టింది. అన్నయ్య కదలకూడదు గానీ, తాము కదలొచ్చు కదా! ఇంకేముంది, తమ్ముళ్ళిద్దరూ చెరోవైపు పట్టుకుని, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండగా, పేరయ్యగారిని బీరువా మోసినట్టు ఇంటికి మోసుకొచ్చారు. బస్సులో జనం కిటికీల్లోంచి దణ్ణాలు పెట్టారు, ఏ ఊరేగింపు అనుకున్నారో ఏమో.

గుమ్మంలో దించగానే మాణిక్యం లబలబలాడింది.

"తప్పంతా మనదే వదినా," అన్నాడు నూకరాజు. "మనింట్లో ఒక్కడే పనంతా చేసిన రోజుందా? నలభై నిమిషాలూ అన్నయ్య మీదే పడేశాం. తలా పది నిమిషాలు పంచుకుందాం."

ఈ మాటకి పేరయ్యగారి కళ్ళు చెమ్మగిల్లాయి. తమ్ముళ్ళంటే ఇలా ఉండాలి. పట్టీ చేతులు మారింది. మాణిక్యం ఇంటి ముందు పది నిమిషాలు నడిచింది. వీధిలో కూరగాయలబ్బితో బేరమాడుతూ నడిచింది కాబట్టి తొంభై దాటలేదు. గవర్రాజు నడుస్తూనే కునికాడు, ఎనభైకి పడిపోయింది. పేరయ్యగారు నాలుగడుగులు వేసేసరికి నూటముప్పై దాటింది, మళ్ళీ కాలు గాల్లో ఆగింది. నూకరాజు మాత్రం పట్టీ కట్టుకుని, పిండి ఎండిపోతోందని రోలు దగ్గరికెళ్ళి దంచడం మొదలెట్టాడు. చూస్తే నూటఇరవై రెండు. ఎంతసేపు దంచినా నూటఇరవై రెండే.

"దొరికింది!" అన్నారు పేరయ్యగారు. "ఎవరికి చేతనైన పని వాళ్ళు చెయ్యాలి. ఇవాళ్టి నుంచి నా గుండె కొట్టుకోవడం నూకరాజు వంతు."

గవర్రాజుకి ఛార్జింగు పెట్టడం వంతు. మాణిక్యానికి రొప్పినవాళ్ళకి మజ్జిగివ్వడం వంతు. పేరయ్యగారికి అంకె చూడటం వంతు. ఊరికే చూస్తే నిద్దరొస్తుందని పక్కన పళ్ళెంలో పూతరేకులు పెట్టుకుని చూసేవారు. నలభై రోజుల్లో నూకరాజు పొట్ట లోపలికి పోయింది, పేరయ్యగారిది బయటికొచ్చింది. అంకె మాత్రం గీత గీసినట్టుంది.

కానీ నూకరాజు దంపు దంపు కాదు. రోకలి పడే చోట పడదు, తిప్పాల్సినప్పుడు ముద్ద తిప్పడు. ఆ తప్పుడు చప్పుడు వింటుంటే పేరయ్యగారికి ప్రాణం ఉసూరుమనేది. ఓ రోజు పాత ఖాతాదారు ఒకాయన వచ్చి, "ఈమధ్య మీ అప్పడం పొంగట్లేదండి, అట్టముక్క నమిలినట్టుంది" అని మొహంమీదే అనేసి పోయాడు. ఆ పూట పేరయ్యగారు పూతరేకులు ముట్టలేదు. పరీక్ష గట్టెక్కితే చాలు, రోకలి చేతికొస్తుంది అనుకుని దిగమింగుకున్నారు.

నలభయ్యో రోజు గడిచింది. నలుగురూ కాకినాడ వెళ్ళారు. డాక్టరమ్మ పట్టీలో లెక్కలన్నీ కంప్యూటర్లో చూసి పొంగిపోయారు. బయట కూర్చున్న రోగుల్ని లోపలికి పిలిచి మరీ చూపించారు. "చూడండి, ఒక్క రోజు తప్పిందా? ఇదీ క్రమశిక్షణంటే! ఈ లెక్కని కాగితం మీదికి తీసి, పటం కట్టించి గోడకి తగిలిస్తాను."

తరవాత పేరయ్యగారిని పరిగెత్తే పట్టా మీద ఎక్కించారు. రెండు నిమిషాలు. ఆయన నాలిక బయటికొచ్చింది.

"ఇదేంటి! నలభై రోజులు నడిచినవాళ్ళేనా మీరు?"

"నేనెందుకు నడుస్తానండీ?" అన్నారు పేరయ్యగారు రొప్పుతూనే, గర్వంగా. "అంకె రావాలన్నారు. మావాడు దంచి తెచ్చాడు. ఒక్కరోజైనా తేడా వచ్చిందాండీ?"

డాక్టరమ్మ మొహం కందగడ్డయింది. ఆవిడ చేతికీ అలాంటి పట్టీయే ఉంది. గవర్రాజు తొంగి చూసి కేకేశాడు. "డాక్టరమ్మగారూ, నూటముప్పై ఆరు! ఎక్కడివారక్కడే ఆగిపోండి!"

ఆవిడ ఆగలేదు. చెడామడా తిట్టారు. నూకరాజు గుండె నడిస్తే నూకరాజుకి మంచిది, మీకేంటి లాభం అన్నారు. "మళ్ళీ నలభై రోజులు. నడిచినా మీరే, ఆగినా మీరే. ఈ పట్టీ మీ చేతి మీంచి క్షణం కూడా దిగడానికి వీల్లేదు. రోకలి మాటెత్తారంటే ఊరుకోను!"

పేరయ్యగారు దారి పొడుగునా బస్సు కిటికీలోంచి చూస్తూ కళ్ళు తుడుచుకున్నారు.

క్షణం కూడా దిగకూడదన్నారు కాబట్టి దించలేదు. స్నానానికీ దించలేదు, ఛార్జింగుకీ దించలేదు. మూడోరోజు పొద్దున కొట్లో కూర్చుని ఉండగా గవర్రాజు పట్టీ వంక చూసి కొయ్యబారిపోయాడు.

"అన్నయ్యా, అంకె లేదు."

"లేకపోతే?"

"అంకె ఉందంటే గుండె కొట్టుకుంటోందన్నమాట అన్నారు కదా డాక్టరమ్మ. లేదంటే... నువ్వు పోయావన్నయ్యా."

"అదేంట్రా, ఇప్పుడే కదా పెసరట్టు తిన్నాను?"

"తిన్నాకే పోయుంటావు."

పేరయ్యగారు గుండెమీద చెయ్యేసుకున్నారు. "లోపల ఏదో కొట్టుకుంటోందిరా!"

"అంత ఖరీదైన పట్టీకి తెలుస్తుందా, నీకు తెలుస్తుందా?" అన్నాడు నూకరాజు ఏడుపు గొంతుతో.

నిజమే కదా అనిపించింది పేరయ్యగారికి. ఇంకేముంది, ఇల్లంతా గొల్లుమంది. ఏడుపూ పంచుకున్నారు, తలా పది నిమిషాలు. మాణిక్యం వంతయింది, తమ్ముళ్ళ వంతయింది. చివరి పది నిమిషాలు పేరయ్యగారివి. అందరికంటే ఆయనే బాగా ఏడ్చారు. పోయినందుక్కాదు, రోకలి మళ్ళీ పట్టకుండానే పోయినందుకు.

ఏడుస్తూ ఏడుస్తూ రోలు వంక చూశారు. పిండిముద్ద ఆరిపోతోంది. చటుక్కున ఏడుపాపారు.

"ఒరేయ్, డాక్టరమ్మకి నేనేమని మాటిచ్చాను?"

"ప్రాణం ఉండగా రోకలి ముట్టుకోనని."

"మరిప్పుడు లేదు కదా!"

అంతే. పంచె ఎగ్గట్టి, నడుముకి పై తువ్వాలు బిగించి, నూనె రాసుకున్న చేత్తో రోకలందుకున్నారు. ధన్... ధన్... ఆ చప్పుడుకి మాణిక్యం ఏడుపు ఆపి పీట వాల్చింది. ముద్ద తీగలా సాగింది. ఆవిడ ఒత్తిన మొదటి అప్పడం గవర్రాజు నిప్పుల మీద కాలిస్తే బుస్సున పొంగింది.

"పోయాక కూడా ఏం చెయ్యండీ మీది!" అంది మాణిక్యం మురిసిపోతూ.

పోయినవాడికి పట్టీ ఎందుకని గవర్రాజు అంతకుముందే ఊడదీసి, అలవాటు కొద్దీ గోడకి ఛార్జింగు పెట్టేశాడు. గంట పోయాక చూస్తే పట్టీ వెలుగుతోంది. పట్టుకొచ్చి, దంచుతున్న అన్నయ్య చేతికే కట్టి చూశాడు. నూటఇరవై నాలుగు.

"అన్నయ్య బతికాడో!" అని ఎగిరి గంతేశాడు. "నూటపదికీ నూటముప్పైకీ మధ్యలో బతికాడు!"

మాణిక్యం దేవుడి పటానికి దణ్ణం పెట్టింది. నూకరాజు పరుగున వచ్చి రోకలి పట్టుకున్నాడు. "ఇంక దించెయ్యి అన్నయ్యా. మాట తప్పకూడదు."

పేరయ్యగారు రోకలి వదల్లేదు. సగం దంచిన ముద్ద వంక ఓసారి, చేతి మీద ఎర్రగా వెలుగుతున్న అంకె వంక ఓసారి చూసి, చెయ్యి గవర్రాజు ముందుకి చాపారు.

"ముందిది ఊడదియ్యరా. ఈ వాయి అయ్యేదాకా నేను చచ్చే ఉంటాను."