ఊపని బ్యాటు

సాఫ్ట్‌బాల్ కోచ్ ఎర్రిస్వామికి వారం నుంచీ మనసు మనసులో లేదు. భార్గవి గ్రౌండుకు రావడం మానేసింది.

జిల్లా జట్టు ఎంపిక రోజున ఆ పిల్ల బ్యాటు భుజం మీంచి దించనే లేదు. కొయ్యబారి నిలబడింది. మూడు మంచి బంతులు వదిలేస్తే అవుటే కదా. "నాకు రాదులే సార్" అని బ్యాటు అతని కాళ్ల దగ్గర పెట్టి వెళ్లిపోయింది. స్పోర్ట్స్ హాస్టల్లో రావాల్సిన సీటూ పోయింది. ఇప్పుడు వాళ్లమ్మ వెంట కూలికి పోతోందట.

ఒకప్పుడు చింతకాయలు రాల్చినట్టు ఊపేది బ్యాటు. వంకరగానే ఊపేది, కానీ బంతికి తగిలేది. ఎర్రిస్వామి కోచ్‌ల శిక్షణ శిబిరానికి వెళ్లొచ్చాక ఆమెను సరిదిద్దడం మొదలుపెట్టాడు. నేర్చుకున్నది కడుపులో దాచుకునే రకం కాదు మరి.

ఆ దిగులుతోనే, తనకు ఆట నేర్పిన నబీరసూల్ సారు ఇంటికి వెళ్లాడు.

"పాదాలెట్ల పెట్టాల, నడుమెప్పుడు తిప్పాల, మోచెయ్యి యాడుండాల, అన్నీ చెప్పినా సార్. ప్రతి బంతికీ చెప్పినా. ఎంపిక పొద్దు కూడా గ్రౌండు గీత బయట నిలబడి చెప్తానే ఉన్నా. ఇందులో ఏది తప్పు సార్?"

"ఒక్కటీ తప్పు కాదు. ముందు తిను."

పొద్దుటి నుంచీ ఏమీ తినలేదతను. సారు పెట్టిన పళ్లెంలోంచి రాగిసంగటి తుంచి పప్పులో అద్దాడు.

"వేళ్లు దగ్గర పెట్టు," అన్నాడు సారు.

పెట్టాడు.

"మోచెయ్యి దించు. మెడ వంచొద్దు."

ముద్ద నోటి దాకా వచ్చి ఆగింది.

"ఆగినావేంది? మణికట్టు తిప్పు. ఇప్పుడు కాదు... ఆ, ఇప్పుడు! నడుము నిటారుగా."

ముద్ద జారి చొక్కా మీద పడింది. మళ్లీ తుంచాడు. సారు మళ్లీ మొదలుపెట్టాడు. ఆకలీ అవమానమూ కలిసి ఎర్రిస్వామికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నన్ను తిననీండి సార్!" అని అరిచాడు. గురువు మీద గొంతు లేపడం అతనికదే మొదటిసారి.

సారుకు కోపం రాలేదు. ముఖం మాత్రం వాడిపోయింది. పప్పుగిన్నె అతని ముందుకు జరిపాడు.

"నువ్వు అరిచినావు. ఆ పిల్ల అరవలేక వెళ్లిపాయ."