ఈదమ్మ గొంతు ఎందుకు పోయింది

ఎండలు ముదిరితే ఆ అడవిలో నీళ్ళు మిగిలేది ఒక్క మడుగులోనే. మడుగు ఒడ్డున ఏరుమద్ది చెట్టు, చెట్టు మీద ఈదమ్మ అనే కొండముచ్చు, చెట్టు కింద దుప్పుల మంద. ఈదమ్మ పైనుంచి చిగుళ్ళు తుంచి పడేసేది, దుప్పులు తినేవి. చిరుతపులి జాడ కనపడితే చాలు, కొండంతా వినపడేలా అరిచేది, దుప్పులు పరుగు తీసేవి. అవి తల వంచి నిశ్చింతగా నీళ్ళు తాగుతున్నాయంటే ఆవిడ గొంతు చలవే.

ఆ ఏడు చిరుతపులి మూడు రోజులు ఆ చుట్టుపక్కలే తచ్చాడింది. మూడు రోజులూ ఈదమ్మ పొద్దున లేచింది మొదలు అరుస్తూనే ఉంది. నాలుగో రోజు నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

ఈ సంగతి ముందుగా కనిపెట్టింది నక్క. చిరుత వేటాడి వదిలేసిన ఎముకలతో బతికే ప్రాణి, మూడు రోజులుగా పస్తు. పాపం అనాలనే ఉంది గానీ, అది చేసిన పని చెప్పాక మీరూ అనరు.

"పెద్దమ్మా, ఆ చెట్టు కింద నిలబడకు," అంది నక్క, మందకు పెద్దదైన చుక్కమ్మతో. "ఈదమ్మకు గొంతు జబ్బు. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది."

"నీకెవరు చెప్పారయ్యా?"

"చెప్పేదేముంది? కొండ అవతల అడవిపందుల్ని చూసి రా. మొన్న ఒకదానికి గొంతు పోయింది. ఇవాళ గుంపు గుంపంతా బొంగురే!"

పందుల మాట నిజమే. చుక్కమ్మ తన చెవులతో తనే విన్నది. దాంతో నక్క మాట నమ్మింది.

అందరికంటే ఎక్కువ వణికింది మచ్చమ్మ. ఈని పది రోజులైంది. దుప్పిపిల్ల ఆ వయసులో గడ్డిలో ముడుచుకుని పడుకుంటుంది, తల్లి పిలిస్తేనే లేస్తుంది. పిలుపు వినపడకపోతే ఎంత ఆకలేసినా కదలదు.

"నా గొంతు పోతే నా బిడ్డ ఆ గడ్డిలోనే ఎండిపోతుంది నక్కబావా! ఆవిణ్ణి ఇక్కణ్ణుంచి పంపించేయండి, మీకు దణ్ణం పెడతాను," అని ఏడ్చింది.

ఈదమ్మ చెట్టు దిగి వచ్చింది. చేతులు ఊపింది, గొంతు చూపించింది, చిరుత తచ్చాడిన వైపు చూపించింది. ఏం చెప్పాలన్నా చెప్పే గొంతు లేదు కదా. అది ఒక్క అడుగు ముందుకేస్తే మంద పది అడుగులు వెనక్కి జరిగింది. ఇన్నేళ్ళు కాపాడిన ప్రాణిని చూసి అలా బెదిరిపోయాయంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఈదమ్మ రొమ్మునంటిన పిల్లతో ఎండిన వాగు దాటి, అవతలి తునికి చెట్టెక్కి కూర్చుంది.

"ఒకరి పక్కన ఒకరు నిలబడకండి. నోరు తెరవకండి, గాలి సోకుతుంది," అంది నక్క. "కాపలా అంటారా, నేను లేనూ?"

ఆ మధ్యాహ్నం దుప్పులు ఒక్కొక్కటిగా మడుగుకు దిగాయి. ఎవరూ ఎవరినీ పలకరించలేదు. ఆకు కదిలినా ఉలిక్కిపడుతున్నాయి. నీళ్ళలో ముఖం పెట్టిన మగదుప్పి ఒకటి మళ్ళీ తల ఎత్తలేదు. చిరుత దాన్ని ఈడ్చుకుపోవడం చూసినవాళ్ళు కూడా నోరు తెరవలేదు, జబ్బు అంటుకుంటుందని.

"నేను అటు తిరిగున్నాను, ఏం చేస్తాం," అంది నక్క. దాని మూతికి నెత్తురు అంటి ఉంది.

మరునాడు తెల్లవారుతూనే వాగు అవతల కీచుమని ఏడుపు వినపడింది. ఈదమ్మ పిల్ల పాలకోసం గోల పెడుతోంది. చుక్కమ్మ చెవులు నిక్కబొడుచుకుంది.

"ఒసే మచ్చీ, విన్నావా? ఆ పిల్ల తల్లి ఒంటిని వదలదు, తల్లి మూతికి మూతి ఆనించి పడుకుంటుంది. దానికి అంటని జబ్బు మనకెట్లా అంటుతుందే?"

"మరి పందులో?" అంది మచ్చమ్మ బెదురుగా.

"వాటికి జలుబు చేసింది. ముక్కులు కారుతూ ఒకే బురదలో పొర్లాయి, జలుబు అందరికీ అంటింది, దాంతోపాటే గొంతులూ పోయాయి. మన ఈదమ్మకు జలుబు లేదు, దగ్గు లేదు. మనకోసం అరిచి అరిచి పోగొట్టుకుంది. పద, కాళ్ళు పట్టుకుందాం."

ఈదమ్మ కాళ్ళు పట్టుకోనివ్వలేదు. చుక్కమ్మ నెత్తి నిమిరి, గొంతు లేకపోయినా కళ్ళున్నాయని సైగ చేసింది. మచ్చమ్మ భయపడుతూనే వెళ్ళి ఈదమ్మ పక్కన నిలబడింది. అరుపుకు బదులు ఈదమ్మ ఎండుకొమ్మ విరిచి పడేస్తే పరుగెత్తాలని అందరూ అనుకున్నారు. నక్కకు మాత్రం చెప్పలేదు.

మధ్యాహ్నం నక్క రెల్లుగడ్డి పక్కన దర్జాగా నిలబడి, "దిగండమ్మా, నేనున్నాను," అంది. ఈదమ్మ మద్దిచెట్టు గుబుర్లో ఊపిరి బిగబట్టి కూర్చుంది. రెల్లులో పసుపుపచ్చని వీపు కదిలింది.

కొమ్మ ఫెళ్ళున విరిగి నీళ్ళలో పడింది. దుప్పులన్నీ ఒక్క గెంతులో గట్టెక్కాయి. చిరుత దూకేసరికి అక్కడ మిగిలింది నక్క ఒక్కటే.

"దొరా, నేను, నేను!" అని అది మొత్తుకుంటూనే ఉంది. వేట చెడిన కోపంలో ఉన్న దొర దాని తోక అందుకుంది. సగం తోక వదులుకుని నక్క రాతిసందులో దూరింది. చిరుత బయట కూర్చుంది. పొద్దు వాలేదాకా నక్క కాపాడమని ఊళపెడుతూనే ఉంది.

మచ్చమ్మ గడ్డి అంచున ఆగింది. పొద్దున్నంతా ఈదమ్మ పక్కనే నిలబడింది. ఇప్పుడు పిలవాలి. గొంతు రాకపోతే? కళ్ళు మూసుకుని నోరు తెరిచింది. పిలుపు వచ్చింది. రెండోసారి పిలిచేలోగా గడ్డి కదిలి, బిడ్డ వచ్చి పొదుగు అందుకుంది. మచ్చమ్మ ఏడ్చింది, ఈసారి గట్టిగా.

రెండు రోజుల తర్వాత నక్క దాహంతో నాలుక వేలాడేసుకుని మడుగుకు వచ్చింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

"ఏం బావా, గొంతు పోయిందా?" అంది చుక్కమ్మ. "ఇంతకీ ఇది అంటుకుంటుందంటావా? అంటుకునేదైతే నిన్ను నీళ్ళ దగ్గరికి రానివ్వకూడదు."

నక్క ఈదమ్మ వంక చూసింది, నీళ్ళ వంక చూసింది, అంటుకోదు అంటుకోదు అని అడ్డంగా తల ఊపింది.

నీతి: గొంతు పోయినవాళ్ళను తరిమేముందు, అది ఎందుకు పోయిందో అడగాలి.