కొండదారిలో ఎడమ పక్క

రెండు బళ్లు ఒరుసుకుంటూ పట్టేంత కొండదారి, పక్కనే లోయ. ఎదురుపడిన బళ్లు ఎవరి ఎడమకి వాళ్లు తప్పుకోవడం అక్కడి ఆనవాయితీ.

"ఎందుకలా?" అని ఆస్థాన తర్కపండితుడు విరూపాక్ష సోమయాజులు, ఉప్పుబండి తోలే సుంకులయ్యని రాజుగారి ముందే నిలదీశాడు.

"ఎదుటివాడు ఎడమకి వస్తాడు గనక సామీ."

"వాడెందుకు వస్తాడు?"

"నేను ఎడమకి పోతానని."

"ఒకదానికొకటే ఆధారం. ఇది అన్యోన్యాశ్రయ దోషం ప్రభూ. కారణం లేని ఈ ఆనవాయితీని ఎత్తేయండి. రేపటి నుంచి ఎవరి బుద్ధికి తోచిన పక్క వాళ్లు వెళ్లాలి."

రాజు చాటింపు వేయించాడు.

"చిత్తం. రేపు మొదటి బండి నాది. పండితులవారు నా పక్కన కూర్చుంటే చాలు" అన్నాడు సుంకులయ్య.

మర్నాడు కొండ మలుపులో ఎదురుగా ఎద్దుల గంటలు వినిపించాయి. సుంకులయ్య పగ్గాలు పండితుడి చేతిలో పెట్టాడు.

"మీ బుద్ధికి తోచిన పక్కకి తోలండి సామీ."

సోమయాజులు లోయలోకి చూశాడు. చటుక్కున పగ్గం ఎడమకి లాగాడు. ఎదుటి బండి కూడా తన ఎడమనే వచ్చి క్షేమంగా దాటిపోయింది.

"ఎడమకే ఎందుకు లాగారు సామీ?"

"వాడూ ఎడమకే వస్తాడని."

"వాడెందుకు వచ్చాడు?"

సోమయాజులు పగ్గాలు తిరిగి అతని చేతికిచ్చాడు. నవ్వుతూ అతని భుజం తట్టాడు.

సాయంత్రం సభలో చాటింపు రద్దు చేయమని ఆయనే కోరాడు.

"మరి ఆ దోషం సంగతి?" అన్నాడు రాజు.

"ఉండనివ్వండి ప్రభూ. ఇవాళ నేను ప్రాణాలతో తిరిగొచ్చింది దానివల్లే."